బొమ్మరిల్లు నుంచి కిట్ ఇంటి వరకు: పదార్థం, నమూనా, ముగింపు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

బాలక్రీడలను తెలుగు పరిశోధన ఎక్కువగా జానపద విజ్ఞానంలో ఒక చిన్న విభాగంగానే చూసింది. ఆటపాటల సేకరణ జరిగినంతగా ఆటవస్తువుల చరిత్ర రచన జరగలేదు. ఆటవస్తువు పదార్థంతో తయారవుతుంది. దానికి ఒక నమూనా ఉంటుంది. ఆట ముగిశాక దానికి ఒక గతి ఉంటుంది. ఈ మూడింటినీ కాలక్రమంలో గమనిస్తే ఒక సమాజం ఇంటిని, స్త్రీని, బాల్యాన్ని ఎలా ఊహించుకొన్నదో తెలుస్తుంది. అలా గమనించడానికి 'బొమ్మరిల్లు' తగిన ఉదాహరణ.

హైదరాబాదు పశ్చిమ భాగంలోని చందానగర్, మియాపూర్, కొండాపూర్ ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో ఇటీవల కనిపిస్తున్న వస్తువుల్లో బొమ్మ ఇంటి కిట్ ఒకటి. పెట్టెలో లేజరుతో కోసిన పలుచని ప్లైవుడ్ పలకలు, అంకెలు వేసిన ముక్కలు, గోడలకు అతికించే రంగు కాగితాలు, పరుపులకు, తెరలకు గుడ్డపేలికలు, సన్నని తీగలు, చిన్న ఎల్‌ఈడీ దీపాలు, ఒక సూచనల పుస్తకం ఉంటాయి. పుస్తకం చెప్పిన వరుసలో ముక్కలు విడదీసి, అంచులు నునుపు చేసి, జిగురుతో అతికిస్తే కొన్ని సాయంత్రాల్లో అరచేతి వెడల్పు గది ఒకటి తయారవుతుంది. తెలుగువారు దీన్నీ 'బొమ్మరిల్లు' అనే పిలుస్తున్నారు. పాత మాట కొత్త వస్తువుకు సంక్రమించినప్పుడు దానితోపాటు ఏ అర్థాలు వచ్చాయి, ఏవి రాలేదు అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

మాట – విగ్రహం

'బొమ్మ', 'ఇల్లు' అనే పదాల నడుమ రేఫం చేరి 'బొమ్మరిల్లు' ఏర్పడింది. 'పొదరిల్లు' కూడా ఇటువంటిదే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) కర్మధారయంలో పేదాది శబ్దాలకు 'ఆలు' శబ్దం పరమైనప్పుడు రుగాగమాన్ని విధించింది. 'పేదరాలు' వంటి రూపాలు దాని పరిధిలోనివి. 'ఇల్లు' పరమైన బొమ్మరిల్లు, పొదరిల్లు ఆ సూత్రానికి వెలుపల ఉండి, వాడుక బలంతో నిలిచిన రూపాలు.

రూపం కన్నా విగ్రహవాక్యం ఇక్కడ ముఖ్యం. 'బొమ్మల యొక్క ఇల్లు' అంటే షష్ఠీతత్పురుషం; బొమ్మలు నివసించే ఇల్లని అర్థం. 'బొమ్మయైన ఇల్లు' అంటే కర్మధారయం. ఆ ఇల్లే ఒక బొమ్మ, లోపల బొమ్మలు ఉండనక్కరలేదు. పిల్లలు ఇసుకలోనో మట్టిలోనో కట్టిన ఇంటికి రెండో అర్థం సరిపోతుంది. ఆ ఇంట్లో ఉండేది పిల్లలే. ఊహలోనే అయినా వారే దానికి యజమానులు, అతిథులు. మొదటి అర్థం ప్రధానంగా పాశ్చాత్య దేశాల గాజు అలమర ఇంటికి చెందుతుంది. ఒకే సమాసం రెండు విగ్రహాలకు లొంగడం వల్లనే ఈనాటి కిట్ ఇల్లు కూడా అదే పేరుతో చెలామణి కాగలుగుతున్నది.

క్రియాపదాలు ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తాయి. బొమ్మరిల్లును పిల్లలు 'కడతారు'. బొమ్మల కొలువును ఇంటివారు 'పెడతారు', 'తీరుస్తారు'. కొండపల్లి పనివారు బొమ్మ అవయవాలను 'అతుకుతారు'. కిట్‌ను 'అమరుస్తారు'. కట్టడంలో నమూనా కట్టేవారి మనస్సులో ఉంటుంది. అమర్చడంలో అది ముందే మరొకరి చేత నిర్ణయమై ఉంటుంది.

ప్రాచీన సాహిత్యంలో ఆట ఇల్లు

సుమారు క్రీస్తుశకం మూడో శతాబ్దికి చెందిన వాత్స్యాయన కామసూత్రం బాలికల ఆటలను పేర్కొంటూ పూలు కోయడం, మాలలు గుచ్చడంతోపాటు 'గృహకం', 'దుహితృకాక్రీడ', అన్నం వండే ఆట అనే మూడింటిని చెప్పింది. ఆట ఇల్లు, బొమ్మలాట, ఆట వంట ఈ విధంగా ఒకే చోట చేరడం గమనించదగింది. తెలుగు బాలికల ఆటల్లో వీటికి సరిగ్గా సమాంతరంగా బొమ్మరిల్లు, బొమ్మల పెండ్లి, గుజ్జనగూళ్లు ఉన్నాయి. కాళిదాసు కుమారసంభవం ప్రథమసర్గలో బాల్యదశలోని పార్వతి మందాకినీ తీరంలో ఇసుక వేదికలతో, బంతులతో, బొమ్మలతో ఆడుకొంటుంది. ఇక్కడ కూడా పదార్థం నది ఇచ్చిన ఇసుకే.

పోతన భాగవతం దశమస్కంధంలో రుక్మిణి బాల్యవర్ణన తెలుగు పాఠకులకు సుపరిచితం. అక్కడ రుక్మిణి బొమ్మల పెండ్లిండ్లు చేసి వియ్యమందుతుంది. గుజ్జెనగూళ్లు వండించి చెలులకు పెట్టిస్తుంది. 'గుజ్జెనగూళ్లు' అన్న మాటలోని ఉత్తరపదం అన్నమనే అర్థమున్న 'కూడు'. పిల్లలు తడి ఇసుకలో పాదం దూర్చి, పైన ఇసుక తట్టి, పాదం మెల్లగా వెనక్కు తీసి చేసే 'పిచ్చుకగూళ్లు'లో ఉన్నది నివాసమనే అర్థమున్న 'గూడు'. సంధిలో ఒకే రూపం పొందిన ఈ రెండు మాటలు ఆటలోనూ పక్కపక్కనే ఉన్నాయి: ఒకటి ఇంటిలోని వంట, మరొకటి ఇల్లు.

రుక్మిణి ఆటలను శృంగారకావ్య సంప్రదాయంలోని బాల్యవర్ణనగా మాత్రమే చదవడం పరిపాటి. కథాక్రమంలో చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. బొమ్మల పెండ్లిలో వరుణ్ణి నిర్ణయించేది, వియ్యపువారిని ఎంచుకొనేది రుక్మిణే. అసలు పెండ్లి విషయంలో అన్న రుక్మి శిశుపాలుణ్ణి నిశ్చయిస్తాడు. ఆటలో తనకున్న అధికారం ఇంట్లో లేదని తెలిసిన కన్య బ్రాహ్మణుని ద్వారా కృష్ణునికి సందేశం పంపుతుంది. ఆట ఇంటిలోని స్వేచ్ఛకూ అసలు ఇంటిలోని పరాధీనతకూ నడుమ ఉన్న దూరం ఈ కథకు ఒక అంతస్సూత్రం.

ఆట ఇంటి ముగింపు గురించి తమిళ సాహిత్యం విలువైన సాక్ష్యం ఇస్తుంది. ఇసుక ఇంటిని తమిళంలో 'సిట్రిల్' అంటారు. 'చిన్న ఇల్లు' అని అర్థం. సంఘ సాహిత్యంలోని కలిత్తొగైలో ఒక నాయిక, తాము కట్టుకొన్న ఇసుక ఇంటిని చిన్ననాడు కాలితో చెరిపిన అల్లరివాణ్ణి తలచుకొంటుంది. ఆండాళ్ నాచ్చియార్ తిరుమొళి రెండో దశకంలో గొల్లపిల్లలు తమ చిన్న ఇండ్లను చెరపవద్దని కృష్ణుని వేడుకొంటారు. పిళ్ళైత్తమిళ్ ప్రక్రియలో పురుష శిశువును వర్ణించే కావ్యాలకు 'సిట్రిల్' ఒక నియత ఘట్టం. ఆండాళ్ కథనే ఆముక్తమాల్యదగా తెలుగు చేసిన కృష్ణదేవరాయల కాలానికి ఈ సంప్రదాయం దక్షిణదేశమంతటా పరిచితమై ఉండాలి. ఈ రచనల్లో ఆట ఇంటికి రెండు లక్షణాలు స్థిరంగా ఉన్నాయి. దాన్ని కట్టేది ఆడపిల్లలు. అది చెరిగిపోక తప్పదు. చెరిపేవాడు మగపిల్లవాడైతే అది అల్లరి. కెరటమో సాయంకాలమో అయితే ఆట ముగింపు. మళ్ళీ మరునాడు కట్టుకోవచ్చునన్న నమ్మకమే ఆ నాశనాన్ని భరించదగిందిగా చేసింది.

కొలువు, బొడ్డెమ్మ, కొండపల్లి

ఇసుక ఇంటికీ కొన్న ఇంటికీ నడుమ తెలుగు సంస్కృతిలో కొన్ని మధ్యస్థ రూపాలున్నాయి. వాటిని విస్మరించి కిట్‌ను నేరుగా ఇసుక ఇంటితో పోలిస్తే చరిత్ర వక్రమవుతుంది.

మొదటిది తెలంగాణ ప్రాంతపు బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందుగా కన్నెపిల్లలు ఆడే ఈ పండుగలో పీటమీద పుట్టమన్నుతో అంతస్తులుగా చిన్న కట్టడాన్ని తీర్చి, పూలతో అలంకరించి, చుట్టూ తిరుగుతూ పాడతారు. చివరికి నీటిలో కలుపుతారు. పదార్థం నేల ఇచ్చింది, నమూనా తల్లుల నుంచి పిల్లలకు చేతిపనిగా వచ్చింది, ముగింపు నిమజ్జనం. ఇసుక ఇంటికి లేని ఒక స్థిర నమూనా ఇక్కడ ప్రవేశించింది. అయితే ఆ నమూనా సమష్టి ఆస్తి.

రెండోది బొమ్మల కొలువు. కొన్ని ఇండ్లలో దసరాకు, కొన్ని ఇండ్లలో సంక్రాంతికి పెడతారు. మెట్ల మీద దేవతామూర్తులతోపాటు పల్లెటూరు, సంత, పెండ్లి ఊరేగింపు, తోట వంటి దృశ్యాలు ఉంటాయి. బొమ్మలు కొన్నవి; దృశ్యం మాత్రం ఇంటివారి కల్పన. పండుగ ముగిశాక ఒక బొమ్మను పడుకోబెట్టి, తరువాత అన్నిటినీ గుడ్డల్లో చుట్టి పెట్టెల్లో దాస్తారు. ఇక్కడ ముగింపు నాశనం నుంచి నిద్రగా మారింది. దృశ్యం చెదిరిపోతుంది, వస్తువులు తరతరాలకు మిగులుతాయి.

మూడోది కొండపల్లి. తేలికైన తెల్లపొణికి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి, తల, మొండెం, చేతులు, కాళ్ళు వేరువేరుగా చెక్కుతారు. వాటిని జిగురుతో అతికి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సుద్ద పూసి, ఆపై రంగులు వేస్తారు. తెలంగాణలోని నిర్మల్ బొమ్మలకూ పొణికి కర్రే ఆధారం. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కరంగు అద్ది నునుపైన లక్కపిడతలు చేస్తారు. బొమ్మరింటి వంటగదికి గిన్నెలు, కుండలు, రోలు, తిరగలి చాలాకాలం అక్కడినుంచే వచ్చాయి.

కొండపల్లి పద్ధతిని బట్టి ఒక నిర్ణయానికి రావచ్చు. విడిభాగాలుగా చేసి అతికే విధానం తెలుగునేలకు పరాయిది కాదు. బొమ్మ కొన్నవారికి అతుకు కనిపించదు. అది పనివాని ఇంట్లోనే పూర్తవుతుంది. కిట్ చేసిన మార్పు విడిభాగాలను కనిపెట్టడంలో లేదు. అతికే ఆఖరి దశను పనివాని ఇంటి నుంచి కొనుగోలుదారు ఇంటికి తరలించడంలో ఉంది.

పాశ్చాత్య బొమ్మ ఇల్లు

కిట్‌కు ప్రత్యక్ష పూర్వరూపం ఐరోపా బొమ్మ ఇల్లు. బవేరియా ప్రభువు ఐదో ఆల్‌బ్రెక్ట్ 1557–58లో చేయించిన చిన్న ఇల్లు ఈ చరిత్రకు సాధారణంగా ఆరంభంగా చెప్పబడుతుంది. అది రాజు సేకరణలోని ప్రదర్శనవస్తువు. పదిహేడో శతాబ్దిలో న్యూరెంబర్గ్ నగరంలో తయారైన బొమ్మ ఇండ్లు బాలికలకు గృహనిర్వహణ నేర్పే సాధనాలుగానూ ఉపయోగపడ్డాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్న గృహిణి 1686 నుంచి 1710 వరకు సమకూర్చుకొన్న బొమ్మ ఇల్లు నేడు రైక్స్ మ్యూజియంలో ఉంది. దానిపై ఆమె వెచ్చించిన ధనం ఆ నగరపు కాలువగట్టున ఒక అసలు ఇంటి వెలకు దాదాపు సమానమని ఆ మ్యూజియం పేర్కొంటుంది. ఈ ఇల్లు పిల్లలది కాదు, పెద్దలది. బొమ్మలకు నివాసం, అతిథులకు వింత, యజమానురాలికి హోదా.

ఈ సంప్రదాయానికి పరాకాష్ఠ ఇంగ్లండు రాణి మేరీ కోసం 1921–24 మధ్య ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పన చేసిన బొమ్మ ఇల్లు. పన్నెండింట ఒక వంతు కొలతలో కట్టిన ఆ ఇంట్లో విద్యుద్దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీరు వస్తుంది, లిఫ్టులు కదులుతాయి. అది 1924లో వెంబ్లీ సామ్రాజ్య ప్రదర్శనలో జనం ముందుకు వచ్చి, నేడు విండ్సర్ కోటలో ఉంది. అదే కాలంలో అదే వాస్తుశిల్పి న్యూఢిల్లీలో వైస్రాయి భవనాన్ని నిర్మింపజేస్తున్నాడు. ఒక చేతితో సామ్రాజ్యానికి రాజధాని, మరొక చేతితో అదే సామ్రాజ్యపు ఇంటి సూక్ష్మరూపం సిద్ధమయ్యాయి. రెండింటిలోనూ నమూనా ఒక్కరిది, శ్రమ అనేకులది.

హైదరాబాదుకూ ఈ సేకరణ సంస్కృతితో సంబంధముంది. 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియంలోని బాలల విభాగంలో దేశవిదేశాల ఆటబొమ్మలున్నాయి. నగరపు కులీనుల దృష్టిలో ఆటబొమ్మ అద్దాల వెనుక భద్రపరచే వస్తువుగా మారిందనడానికి అది నిదర్శనం.

ఐరోపా సాహిత్యం ఈ భద్రతలోని బంధనాన్ని త్వరగానే పసిగట్టింది. ఇబ్సెన్ 'ఎ డాల్స్ హౌస్' (1879) నాటకంలో బొమ్మ ఇల్లు స్త్రీ జీవితానికి రూపకం. తండ్రి ఇంట్లో, ఆపై భర్త ఇంట్లో తాను బొమ్మగానే బతికానని గ్రహించిన నోరా ఇల్లు విడిచి వెళుతుంది. తెలుగులో 2006లో వచ్చిన 'బొమ్మరిల్లు' చలనచిత్రంలో కొడుకు జీవితంలోని ప్రతి నిర్ణయాన్నీ తండ్రే చేస్తాడు. కొడుకు తన ఇష్టాన్ని చెప్పుకోలేకపోవడమే కథకు మూలం. శీర్షికలోని మాట తెలుగుదే అయినా భావం షష్ఠీతత్పురుషపు బొమ్మరింటిది: ఇంటికి నమూనా వేరొకరిది, లోపలివారు బొమ్మలు. ఇసుక ఇల్లు కట్టుకొన్న రుక్మిణీ సఖుల అర్థం నుంచి ఈ మాట ఎంత దూరం వచ్చిందో ఈ ఒక్క శీర్షిక చెబుతుంది.

కిట్: నమూనా ఎవరిది?

కిట్ అనే ఊహ ముందుగా అసలు ఇండ్లకు విస్తృతంగా అమలైంది. అమెరికాలో సియర్స్ సంస్థ 1908 నుంచి 1940 వరకు క్యాటలాగు ద్వారా ఇండ్లను అమ్మింది. కోసిన కలప, తలుపులు, మేకులు, నిర్మాణ సూచనలు రైలుమీద వచ్చేవి. కొన్నవారు స్వయంగానో పనివారితోనో కట్టుకొనేవారు. బొమ్మ ఇంటి కిట్ అదే తర్కపు సూక్ష్మరూపం. ప్రతి ముక్కకూ అంకె, ప్రతి అంకెకూ స్థానం ముందే నిశ్చయమై ఉంటాయి.

అయినా కిట్‌ను కేవలం పరతంత్రమైన ఆటగా కొట్టివేయడం తగదు. ఊర్ట్‌మన్ ఇంటిలో యజమానురాలు వస్తువులు చేయించుకొన్నది. కిట్‌లో కొన్నవారే స్వహస్తాలతో చేస్తారు. జిగురు ఆరేవరకు ముక్కను పట్టుకొని కూర్చోవడం, కొలత తప్పిన అంచును గరుకు కాగితంతో సరిచేయడం, తెర గుడ్డకు మడతలు కుట్టడం వంటి పనుల్లో చేతికి చాలాకాలం తరువాత పని దొరుకుతుంది. రోజంతా తెర ముందు పనిచేసే ఉద్యోగుల నగరభాగంలో ఈ వస్తువుకు ఆదరణ ఉండడంలో వింత లేదు. పాశ్చాత్య బొమ్మ ఇల్లు కోల్పోయిన 'కట్టడం' అనే క్రియను కిట్ సగం వరకు తిరిగి తెచ్చింది.

తిరిగి తేనిది ముగింపు. ఇసుక ఇల్లు చెరిగిపోతుంది, బొడ్డెమ్మ నీట కలుస్తుంది, కొలువు నిద్రిస్తుంది. కిట్ ఇల్లు పూర్తయ్యాక అద్దపు మూత కింద నిలిచిపోతుంది. విప్పి మళ్ళీ కట్టడానికి జిగురు అనుమతించదు. ఒక ఇల్లు ఒక్కసారే కట్టవచ్చు. మళ్ళీ కట్టాలంటే మరో పెట్టె కొనాలి. పునరావృత్తి ఆట నుంచి విపణికి మారింది.

కిట్ పెట్టెల మీద తరచు కనిపించే మరో ముద్ర ఈ చర్చకు కీలకం. చిన్న ముక్కలు, పదునైన అంచులు ఉండటంవల్ల చాలా కిట్‌లను 14 ఏళ్ళు దాటినవారికి ఉద్దేశిస్తారు. భారత ప్రభుత్వం 2020లో జారీచేసి 2021 జనవరి 1 నుంచి అమలుచేసిన ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు కూడా 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకొనేదాన్నే ఆటబొమ్మగా నిర్వచించింది. ఆ ఉత్తర్వులో భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు, నమోదైన హస్తకళాకారుల ఉత్పత్తులకు మినహాయింపు లభించింది. విదేశీ ఆటబొమ్మలపై దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. కొండపల్లి బొమ్మ ఒక తరగతిలో, కిట్ మరొక తరగతిలో నిలిచాయి. బొమ్మరిల్లు పేరు మోస్తున్న వస్తువు చట్టదృష్టిలో ఆటబొమ్మ అవునో కాదో తేలని అంచున ఉంది.

ఈ 14 అన్న అంకెకు తెలుగు సమాజచరిత్రలో మరొక స్మృతి ఉంది. 1929 నాటి బాల్యవివాహ నిరోధక చట్టం బ్రిటిషిండియాలో బాలికల కనీస వివాహ వయస్సును 14 ఏళ్ళుగా నిర్ణయించింది. నేటి చందానగర్ ఉన్న నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించలేదు. దానికి ముందు గురజాడ కన్యాశుల్కం (1897), పుత్తడిబొమ్మ పూర్ణమ్మ గేయం బొమ్మలతో ఆడే వయసులో పెండ్లిపీట ఎక్కిన బాలికల స్థితిని చిత్రించాయి. పూర్ణమ్మను 'బొమ్మ' అనడంలో ముద్దు ఎంతో విషాదం అంత. బొమ్మల పెండ్లి చేసే పిల్లకే పెండ్లి జరిగిన ఆ కాలంలో బొమ్మరిల్లు ఒక శిక్షణ. ఆట ముగిసిన మరునాడే అసలు ఇల్లు ఎదురయ్యేది. ఒకనాడు అసలు సంసారానికి చట్టం గీసిన హద్దు ఇప్పుడు ఆట ఇంటికి ఆరంభవయస్సుగా పెట్టెమీద అచ్చవుతున్నది. ఈ రెండు అంకెల కలయిక యాదృచ్ఛికమే. వాటి మధ్య గడిచిన శతాబ్దం యాదృచ్ఛికం కాదు. ఆడపిల్ల చదువుకు, ఉద్యోగానికి దొరికిన ఏళ్ళు ఆ వ్యవధిలోనే ఉన్నాయి. బొమ్మరిల్లు శిక్షణ నుంచి విరామంగా మారడాన్ని ఒక లాభంగా గుర్తించకుండా కేవలం సంప్రదాయ నష్టంగా వర్ణించడం చరిత్రకు న్యాయం చేయదు.

చందానగర్: ఇసుక కుప్ప, నమూనా ఇల్లు

బొమ్మరిల్లు చరిత్రలోని అన్ని దశలూ చందానగర్‌లో ఒకే సమయంలో కనిపిస్తాయి. పాత ముంబయి రహదారి పక్కన, లింగంపల్లి రైలుస్టేషనుకు సమీపంలో ఉన్న ఈ ఊరు చెరువులు, పొలాలు ఉన్న గ్రామం. 1960లలో సమీపంలోని రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం రావడంతో ఉద్యోగుల నివాసాలు పెరిగాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం, 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళ రాక, 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం మహానగరపాలక సంస్థలో విలీనం కావడం ఈ ఊరిని ఐటీ కారిడార్‌కు నివాసప్రాంతంగా మార్చాయి.

ఈ మార్పుతో ఆట ఇంటికి అవసరమైన నేల స్వభావమే మారింది. పెంకుటింటికి వాకిలి, పెరడు ఉండేవి; వానకు తడిసిన మన్ను అక్కడే దొరికేది. అపార్ట్‌మెంటులో నేల టైల్సుతో మూసుకొనిపోయింది. ఇసుక మాత్రం ఊరినిండా ఉంది. అది కట్టబోయే భవనాల ముందు కుప్పలుగా ఉంది. ఆ కుప్పల మీద ఆడుకొనేది చాలావరకు నిర్మాణ కూలీల పిల్లలు. పాలమూరు నుంచి, ఒడిశా, బిహారు, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు పని జరిగినంతకాలం అక్కడే రేకుల గుడిసెల్లో ఉంటాయి. బిహారులో దీపావళికి ఆడపిల్లలు మట్టితో 'ఘరౌందా' అనే చిన్న ఇల్లు కట్టే ఆచారం ఉంది. మహారాష్ట్రలో అదే పండుగకు పిల్లలు మట్టికోటలు కడతారు. తెలుగు పిచ్చుకగూళ్ళకు ఇవి దగ్గరి చుట్టాలు. నది ఇసుకకు బదులు రాతిని పిండిచేసి తయారుచేసే 'రోబో శాండ్' వాడకం పెరగడంతో పాదం చుట్టూ మెత్తగా నిలిచే ఇసుక ఆ పిల్లలకూ అరుదవుతున్నది.

అదే నిర్మాణస్థలానికి ముందుభాగంలో అమ్మకాల కార్యాలయం ఉంటుంది. అందులో బల్లమీద, అద్దపు మూత కింద, రాబోయే భవనసముదాయపు సూక్ష్మనమూనా ఉంటుంది: చిన్న చెట్లు, చిన్న కార్లు, లోపల దీపాలు. కొనదలచినవారు వంగి తమ అంతస్తును వెదుక్కొంటారు. ఇది కూడా బొమ్మ ఇల్లే. ఊర్ట్‌మన్ అలమరకు వారసురాలు. ఈ విధంగా ఒకే ఆవరణలో కూలీల పిల్లలు ఇసుకలో ఇల్లు కడతారు, పెద్దలు నమూనాలో ఇల్లు చూస్తారు, కొన్నేళ్ళకు అక్కడ లేచిన ఫ్లాటులో ఎవరో కిట్‌లో ఇల్లు అమరుస్తారు. మూడింటిలో ఆటగాళ్ళ వర్గం వేరు. అసలు ఇల్లు కట్టిన చేతులకు ఆ ఇంట్లో చోటు లేదు. ఇసుకలో తమ ఇల్లు తామే కట్టుకొన్న పిల్లలు పని పూర్తికాగానే మరో ఊరికి వెళ్ళిపోతారు. వారి బొమ్మరిల్లు మాత్రమే పాత అర్థంలో బొమ్మరిల్లు: పదార్థం దొరికినది, నమూనా సొంతం, ముగింపు అనివార్యం. అయితే రుక్మిణి సఖులకు మరునాడు అదే తీరం దొరికేది. ఈ పిల్లలకు దొరకదు.

మాటల ఇల్లు

ఈ పరిశీలన తెలుగు శాఖలకు ఒక ప్రత్యేక కర్తవ్యాన్ని సూచిస్తున్నది. కిట్ సూచనల పుస్తకాలు ప్రధానంగా ఆంగ్లం, చైనీసు భాషల్లో ఉంటాయి. అందులోని ఇల్లు కూడా ఎక్కువగా ఐరోపా కాఫీ దుకాణమో, జపాను గదో, గాజు తోటో. ఆ ఇంటికి అరుగు ఉండదు, గడప ఉండదు, మండువా ఉండదు. ఇల్లు లేనిచోట మాట నిలవదు. నిట్టాడు, దూలం, వాసం, ద్వారబంధం, చూరు, పంచ, సావిడి, దొడ్డి వంటి మాటలు అవి సూచించే వస్తువులతో కలిసి వాడుక తప్పుతున్నాయి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాల ప్రణాళికలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదకోశం వెలువడింది. అదే వరుసలో బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదకోశాన్ని కూర్చారు. పల్లె వడ్రంగుల, తాపీపనివారల నోటినుంచి సేకరించిన ఇంటి భాష అది. ఆ పదకోశం గ్రంథాలయాల్లో ఉంది. ఆ ఇండ్లు ఊళ్ళలో కూలుతున్నాయి. మండువా లోగిలి నమూనాను పొణికి కర్ర ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మీద అంకెతోపాటు దాని తెలుగు పేరు వ్రాసి, సూచనలను తెలుగులో ఇస్తే కిట్ ఒక పదకోశంగా పనిచేయగలదు. వాసాలు దూలం మీద ఎలా ఆనుతాయో చేతితో అమర్చినవారికి ఆ రెండు మాటల తేడా నిర్వచనం చదవకుండానే బోధపడుతుంది. కొండపల్లి, నిర్మల్ పనివారికి అతికే విద్య ఎలాగూ ఉంది. వారికి కావలసినవి నమూనాలు; అవి పరిశోధకుల వద్ద ఉన్నాయి.

ముగింపు

బొమ్మరిల్లు చరిత్రను పదార్థం, నమూనా, ముగింపు అనే మూడు కొలతలతో పరిశీలించినప్పుడు కొన్ని ఫలితాలు తేలుతున్నాయి. ప్రాచీన సాహిత్యంలోని ఆట ఇల్లు దొరికిన పదార్థంతో, సొంత నమూనాతో, నశించడానికి సిద్ధపడి కట్టినది. బొడ్డెమ్మ, కొలువు, కొండపల్లి బొమ్మ క్రమంగా నమూనాను స్థిరపరిచి ముగింపును మృదువు చేశాయి. పాశ్చాత్య బొమ్మ ఇల్లు వస్తువును శాశ్వతం చేసి కట్టే క్రియను యజమాని చేతినుంచి తొలగించింది. కిట్ ఆ క్రియను తిరిగి ఇచ్చింది. నమూనాను మాత్రం తనవద్దే ఉంచుకొన్నది. బాల్యవివాహపు నీడలో శిక్షణగా ఉన్న ఆట పెద్దల విరామంగా మారడం ఇందులోని సామాజిక లాభం. ఆట ఇల్లు వర్గాలవారీగా విడిపోవడం, ఇంటి తెలుగు ఆట నుంచి జారిపోవడం నష్టాలు. వర్గభేదాన్ని తొలగించడం భాషాశాఖల శక్తిలో లేదు. నమూనాను తెలుగులోకి తేవడం మాత్రం వాటి శక్తిలో ఉన్న పనే.